చెప్పులు కుట్టినవాడి సమాధి (రోమ్ రాతలు – 3)



రెండో భాగం చదివి హైదరాబాద్ నుంచి ఒక పీజీ విద్యార్థి ఫోన్ చేశాడు. "అక్కా, రోమ్ దాకా పోయి కొలోసియం గురించి నాలుగు ముక్కలు కూడా రాయలేదేంటి? చూడకుండానే వచ్చావా?" అన్నాడు. చూశాను నాన్నా. టికెట్ కొని, ఎండలో క్యూలో నిలబడి, లోపల ఒక చుట్టు చుట్టి మరీ వచ్చాను. 72 ప్రాంతంలో మొదలుపెట్టి 80లో తెరిచిన కట్టడం. మనిషి మనిషిని చంపుతుంటే పెద్దలు కింది వరసల్లో, పేదలు, ఆడవాళ్ళు పై వరసల్లో కూర్చుని చూసిన చోటు. చావు చూడ్డానికి కూడా హోదాని బట్టే పీట. దాని గురించి రాయడానికి లోకంలో చాలామంది ఉన్నారు. ఈ వారం నేను చెప్పాలనుకున్నది ఒక చెప్పులు కుట్టేవాడి గురించి, ఒక తోళ్ళ కార్ఖానా గురించి, టికెట్ అక్కర్లేని ఒక చిన్న కొండ గురించి.

పాత కట్టడం ఏది చూసినా నాకు ముందు వచ్చే ప్రశ్నలు మూడే. ఇది మోసిందెవరు? ఊడ్చిందెవరు? రాత్రికి వాళ్ళెక్కడ పడుకున్నారు? హంపీలోనూ అవే అడిగాను, గోల్కొండలోనూ అవే అడిగాను. గైడ్లకి నేనంటే చిరాకు.

రోమ్‌లో ఓస్తియెన్సే రోడ్డు మీద ఒక పాత కరెంటు ఉత్పత్తి కేంద్రం ఉంది. సెంత్రాలే మోంతెమార్తీని అంటారు. పనిచేయడం మానేశాక దాన్ని మ్యూజియం చేశారు. పెద్ద పెద్ద డీజిల్ ఇంజన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, నల్లగా, నూనె వాసన ఇంకా పోలేదేమో అనిపించేటట్టు. వాటి మధ్యన తెల్లటి పాలరాతి దేవతలు. కాపిటోలిన్ మ్యూజియం వాళ్ళ సొత్తే అదంతా. జనం తక్కువ. నాకు నచ్చిందే అది. ఇంజన్లని దాచకుండా దేవతల పక్కన నిలబెట్టిన బుద్ధి ఎవరిదో కానీ మంచి బుద్ధి.

అక్కడ ఉంది గైయుస్ యూలియుస్ హేలియుస్ సమాధి రాయి. రెండో శతాబ్దం మొదటి రోజుల్లోది. చొక్కా లేని నడివయసు మనిషి. బట్టతల, ముడతలు, మూతి పక్కన ఒక పులిపిరి. రాజుల విగ్రహాల్లో ఉండే అందం ఏమీ లేదు. ఉన్నదున్నట్టు చెక్కించుకున్నాడు. అతని తల పైన, మనవాళ్ళు సమాధి మీద సిలువ పెట్టుకునే చోట, రెండు చెప్పుల అచ్చులు. ఒకదానికి చెప్పు తొడిగి ఉంది. కింద లాటిన్‌లో పేరు, పేరు వెంటనే వృత్తి: ఫోంతినాలిస్ ద్వారం దగ్గర చెప్పులు కుట్టేవాడు. ఈ సమాధి తనకీ, తన కూతురికీ, తను విడుదల చేసిన బానిసకీ అని రాయించుకున్నాడు.

ఆ ఆఖరి మాట రెండుసార్లు చదివించుకున్నాను. చెప్పులు కుట్టేవాడికీ ఒక బానిస ఉన్నాడు. అతన్ని విడిచిపెట్టాడు, తన సమాధిలోనే చోటిచ్చాడు, అది వేరే సంగతి. కానీ ముందు ఉంచుకున్నాడు. రోమ్ గురించి ఏ మంచి మాట చెప్పబోయినా ఇలాంటిదొకటి కాలికి ముల్లులా తగులుతుంది. తగలనివ్వండి. నేను ముల్లు తీసేసి చెప్పను.

మా తాతకి సమాధి రాయి లేదు. మట్టి దిబ్బ ఉండేది. మూడు వానలకి అది కూడా నేలలో కలిసిపోయింది. మాకు శ్మశానానికి జాగా వచ్చిందే తాత పోయిన పన్నెండేళ్ళకి, అదీ ధర్నా చేస్తే. చేతికి ఆరె, రంపె దొరికితే చాలు, తాత ఊరందరి కాళ్ళ కొలతలూ కళ్ళతోనే చెప్పేవాడు. ఊరి మోతుబరులకి ఏడాదికి ఇన్ని జతల చెప్పులు, ఎడ్లకి పట్టెడలు, కొరడాలు, మోట బొక్కెనలు. బదులుగా కళ్ళంలో మేర. చెత్తా తాలూ కలిపి కొలిచిన మేర. బొక్కెన సంగతి మా నాయనమ్మ ఎప్పుడూ చెప్పేది. తాత కుట్టిన తోలు బొక్కెన రోజుకి వందసార్లు వాళ్ళ బావిలోకి దిగేది, పైకొచ్చేది. తాత మాత్రం ఆ బావి గట్టు ఎక్కకూడదు.

మ్యూజియం మెట్ల మీద కూర్చుని మా నాన్నకి ఫోన్ చేశాను. నాన్న రిటైరైన టీచర్, ఎనభైకి దగ్గర పడ్డాడు. ఫోటో పంపాను. చూశాడు. "నాన్నా, తాతకి రాయి వేయిద్దాం. మీద ఆరె, రంపె చెక్కిద్దాం" అన్నాను ఉత్సాహంగా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అమ్మా, ఆ రోమ్ ఆయనకి చెప్పులు కుట్టడం పని. మన ఊళ్ళో అది పని కాదు. మన పేరు."

ఈ తేడా చెప్పడానికి నేను ఎన్నో క్లాసులు తీసుకున్నాను, కరపత్రాలు రాశాను. నాన్న రెండు ముక్కల్లో తేల్చేశాడు. పని అయితే రాయి మీద చెక్కుకుంటాం. తిట్టు అయితే ఎవరు చెక్కుకుంటారు? మా ఇంట్లో తాత గురించి "కష్టజీవి" అంటాం, "దేవుని బిడ్డ" అంటాం. ఏం పని చేసేవాడు అని మనవరాళ్ళు అడిగితే "వ్యవసాయం" అని చెప్పిన వదినలు ఉన్నారు. తప్పు పట్టను. హాస్టల్లో ఆ ఒక్క మాటతో ఏమవుతుందో వాళ్ళకి తెలుసు.

రోమ్‌లో పెద్దవాళ్ళకి చేతి పనంటే గౌరవం ఉందనుకోకండి. సిసెరో మహాశయుడు కార్ఖానాలో చేసే పని దేంట్లోనూ గొప్పతనం ఉండదని స్పష్టంగా రాసిపెట్టాడు. మన శాస్త్రులకి తీసిపోడు. పోర్తా మజ్జోరే దగ్గర ఎవ్రిసాచెస్ అనే రొట్టెల వ్యాపారి సమాధి ఉంది, క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలోది. పిండి విసరడం దగ్గర్నుంచి రొట్టె తూచడం దాకా అంతా చుట్టూ బొమ్మలుగా చెక్కించుకున్నాడు. ఇప్పుడు దాని పక్కనుంచే ట్రాములు గణగణమంటూ పోతాయి. అతను బానిసగా పుట్టి విడుదలైన మనిషి కావచ్చని పండితుల అభిప్రాయం. సిసెరో లాంటివాళ్ళు మూతి తిప్పుకుంటున్న కాలంలోనే ఈ మనిషి నా పిండి ఇదిగో, నా పొయ్యి ఇదిగో అని రోడ్డు మీద నిలబెట్టాడు. చిన్నచూపు అక్కడా ఉంది. ఆ చిన్నచూపుని శాసనం చేసి, దేవుడి సంతకం పెట్టించి, పుట్టబోయే మునిమనవడికి కూడా అంటగట్టే ఏర్పాటు మాత్రం అక్కడ లేదు.

ఇక పాంపేయి. నేపుల్స్ నుంచి లోకల్ రైల్లో పోయాం. నాకు తోడు వచ్చింది నేపుల్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మన ప్రకాశం జిల్లా కుర్రాడు. పేరు, ఊరు చెప్పను. అతని గురించి రాస్తానని అడిగాను, పేరు లేకుండా రాయమన్నాడు. తమ్ముడనే అంటాను.

79లో వెసూవియస్ పేలి బూడిద కప్పేసిన ఊరని అందరికీ తెలుసు. జనమంతా పెద్ద ఇళ్ళ వైపు, గోడల మీద రంగుల బొమ్మల వైపు, వ్యభిచార గృహం వైపు ఎగబడుతున్నారు. మేము స్తాబియా ద్వారం పక్కనున్న తోళ్ళ కార్ఖానా వెతుక్కుంటూ పోయాం. నేలలో కట్టిన గుండ్రటి తొట్లు. గోడ వెంట చిన్న తొట్లు. తోలు నానబెట్టడానికి, సున్నంలో వేయడానికి, చెక్క నీళ్ళలో ఉంచడానికి. బోర్డు మీద ఇంగ్లీషులో రాసి ఉంది కానీ నాకు అక్కర్లేదు. చూడగానే తెలిసింది. లంద.

మా పల్లెకి దక్షిణాన ఉండేది లంద. నాకు ఊహ తెలిసేసరికి సగం పాడుపడింది. నాయనమ్మా, అత్తలూ తంగేడు చెక్క కొట్టుకొచ్చేవాళ్ళు. తాత సున్నపు నీళ్ళలోంచి తోలు తీసి, కత్తితో బొచ్చు గీకి, దాన్ని సంచిలా కుట్టి, లోపల తంగేడు నీళ్ళు పోసి, దూలానికి వేలాడదీసేవాడు. చుక్కచుక్కగా కారేది. కింద కుండ. మళ్ళీ ఎత్తి పోసేవాడు. ఆ రసాయన శాస్త్రానికి డిగ్రీ ఎవడూ ఇవ్వలేదు. వాసన మాత్రం మా పేరుకి ఇచ్చారు.

తమ్ముడు ఎప్పుడూ లంద చూడలేదు. వాళ్ళ తాతల కాలంలోనే ఆ పని వదిలేసి పట్నం చేరారు. అతను చదువుతున్నది పదార్థ విజ్ఞానం. నేను తొట్టి తొట్టి దగ్గరా ఆగి ఏది దేనికో చెబుతుంటే నోరు తెరిచి విన్నాడు. "అక్కా, తంగేడు చెక్కలో టానిన్ ఉంటుంది కదా, అది తోల్లోని ప్రొటీన్‌ని పట్టేసుకుంటుంది, అందుకే కుళ్ళదు" అన్నాడు. "మీ ముత్తాతకి చెప్పు, సంతోషిస్తాడు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మన చదువు మన పనిని కలుసుకోవడానికి పాంపేయి దాకా రావాల్సొచ్చింది.

ఆ కార్ఖానాలో నన్ను నిలబెట్టేసింది తొట్లు కాదు, తోట పక్కన ఉన్న భోజనశాల. వేసవిలో బయట ఒరిగి తినడానికి రాతితో కట్టిన బల్లలు. తోళ్ళ కార్ఖానాలో విందు! యజమాని తిన్నాడా, సరుకు కొనడానికి వచ్చినవాళ్ళు తిన్నారా, పనివాళ్ళకి పండక్కి పెట్టారా, ఏదైనా కానీ లంద వాసన మధ్య కూర్చుని మనుషులు తిన్నారు, తాగారు. ఆ బల్ల మధ్యలో ఉండిన మొజాయిక్ ఇప్పుడు నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. మర్నాడు పోయి చూశాం. మధ్యలో ఒక పుర్రె. దాని పైన తాపీమేస్త్రీలు వాడే మట్టపు కర్ర. కింద సీతాకోకచిలుక, దాని కింద చక్రం. ఒక పక్క రాజదండం, ఊదారంగు గుడ్డ. ఇంకో పక్క బిచ్చగాడి కర్ర, జోలె. రెండూ ఒకే మట్టంలో. చచ్చాక రాజూ బిచ్చగాడూ సమానమే అని తోళ్ళవాళ్ళ అన్నం బల్ల మీద బొమ్మ.

చచ్చాక సమానం అన్న వేదాంతం మా ఊళ్ళో కూడా చాలామంది చెబుతారు. చెప్పి, శ్మశానాలు మాత్రం విడివిడిగా పెట్టుకుంటారు.

రోమ్ నగరంలో తోళ్ళ పనివాళ్ళు టైబర్ నది అవతలి ఒడ్డున ఉండేవాళ్ళు. వాసన వల్ల. కాబట్టి "అక్కడా వెలివాడ ఉంది కదా" అని ఎవరైనా వాదించవచ్చు. ఉంది, వాసనకి. వాసన వదిలితే మనిషి ఏటి ఇవతలికి రావచ్చు. మా నాన్న నలభై ఏళ్ళు సబ్బుతో చేతులు కడుక్కుని లెక్కలు చెప్పాడు. ఆయన తాగిన గ్లాసు మాత్రం స్టాఫ్ రూంలో విడిగానే ఉండేది.

ఇప్పుడు బానిసత్వం. ఇది దాటేసి పోతే నేను అబద్ధాలకోరునే.

రోమ్ పెద్ద రైల్వే స్టేషన్ ఎదురుగానే డయొక్లీషియన్ స్నానశాలల మ్యూజియం. అందులో ఒక ఇనుప పట్టెడ ఉంది, కుక్క మెడకి వేసేలాంటిది. దానికి వేలాడే ఇత్తడి బిళ్ళ లాంటి దాని మీద అక్షరాలు. వీడు పారిపోయాడు, పట్టుకుని జొనీనుస్ అనే యజమానికి అప్పగిస్తే ఒక బంగారు నాణెం ఇస్తాం అని సారాంశం. మనిషి మెడకి వేసింది. రోమ్‌లో క్రైస్తవం వచ్చాకే ఇలాంటి పట్టెడలు ఎక్కువ కనిపిస్తాయని తమ్ముడు చదివి వినిపించాడు. ముఖం మీద కాల్చి ముద్ర వేయడం తగ్గింది, దాని బదులు ఇది. దయ అంటే ఇంతేనా ప్రభువా అనుకున్నాను.

61లో రోమ్ నగర అధికారి ఒకణ్ణి అతని బానిస చంపాడు. చట్టం ప్రకారం ఆ ఇంట్లో ఉన్న బానిసలందరినీ చంపాలి. 400 మంది. ఆడవాళ్ళు, పిల్లలు కూడా. టాసిటస్ రాశాడు ఇదంతా. సామాన్య జనం రాళ్ళు పట్టుకుని వీధుల్లోకొచ్చి అడ్డం పడ్డారు. నీరో దారి పొడవునా సైనికుల్ని నిలబెట్టి ఆ 400 మందినీ చంపించాడు. పాంపేయి గోడల బయట చివిత జూలియానా అనే చోట 2021లో బానిసల గది ఒకటి బయటపడింది. మూడు మంచాలు, ఒకటి పొట్టిది, బహుశా పిల్లదో పిల్లాడిదో. మూలల్లో జాడీలు. పైన చిన్న కిటికీ. వాళ్ళు పడుకున్న గదే సామాన్లు పెట్టుకునే కొట్టు. రాత్రికి ఎక్కడ పడుకున్నారన్న నా ప్రశ్నకి జవాబు అది.

అంబేద్కర్ రోమ్ బానిసత్వాన్నీ మన అంటరానితనాన్నీ పక్కపక్కన పెట్టి తూచాడు. చాలామంది విద్యార్థులకి ఈ సంగతి తెలియదు, వెతికి చదవండి. బానిసత్వం మంచిదని ఆయన చెప్పలేదు. రెండింట్లోనూ స్వేచ్ఛ లేదు. కానీ బానిస యజమాని ఇంట్లో చదువు నేర్చాడు, వైద్యుడయ్యాడు, లెక్కలు రాశాడు, పిల్లలకి గురువయ్యాడు. యజమాని స్వార్థం కోసమే కావచ్చు, మనిషిని ముట్టుకున్నారు, వంట చేయించుకున్నారు, చదువు చెప్పించారు. విడుదలైతే పౌరుడు. అతని బిడ్డ స్వేచ్ఛగా పుట్టిన మనిషి. 193లో రోమ్ చక్రవర్తి అయిన పెర్టినాక్స్ ఒక విడుదలైన బానిస కొడుకు. అంటరానివాణ్ణి ఎవరూ కొనలేదు, నిజమే. కొనాల్సిన అవసరం లేకుండా పని చేయించుకున్నారు. అతనికి విడుదల పత్రం ఇచ్చే యజమాని ఎవడు? ఎవడి దగ్గరికి పోయి అడగాలి? అంబేద్కర్ వేసిన దెబ్బ అక్కడ.

ఆ పట్టెడ వేసినవాడు ఒకడున్నాడు. దాన్ని విప్పగలిగినవాడూ ఎక్కడో ఒక చోట ఉండే ఉంటాడు. ఇంతకు మించి ఈ పోలిక లాగను. ఎవరి నొప్పి పెద్దది అని పందెం పెట్టుకునే చర్చలంటే నాకు పడదు.

ఇక కొండ.

టూరిస్టులెవరూ పోని చోటు. నొమెంతానా రోడ్డు వెంట బస్సులో పోతే ఊరి ఉత్తరాన అనియేనే ఏరు, దాని మీద నొమెంతానో వంతెన, ఆ పక్కనే మోంతే సాక్రో. పవిత్రమైన కొండ అని అర్థం. ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు, ముసలాళ్ళు కుక్కల్ని తిప్పుకుంటున్నారు. కొండ అనడం కూడా ఎక్కువే, మన దగ్గర దిబ్బ అంటారు. 1805 ఆగస్టు 15న సిమోన్ బొలివార్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఇక్కడే నిలబడి దక్షిణ అమెరికాని స్పెయిన్ నుంచి విడిపిస్తానని ఒట్టు వేశాడు. ఆ తేదీ చూసి తమ్ముడు "మన తేదీనే" అని మురిసిపోయాడు. బొలివార్ ఈ దిబ్బ ఎందుకు ఎంచుకున్నాడంటే అంతకు 2300 ఏళ్ళ ముందు జరిగిన సంగతి వల్ల.

క్రీ.పూ. 494. రోమ్‌లో పెట్రిషియన్లని పుట్టుక పెద్దలు, ప్లెబియన్లని మిగతా జనం. పదవులు, పూజారితనం, చట్టం అన్నీ పెద్దల చేతిలో. యుద్ధం మాత్రం జనం చేయాలి. ఒకరోజు ఒక ముసలి సైనికుడు నగరం నడిబొడ్డుకి వచ్చి వీపు చూపించాడట. యుద్ధంలో ఉండగా పొలం తగలబడింది, పశువులు పోయాయి, పన్ను కట్టడానికి అప్పు చేశాడు, అప్పు కింద పొలం పోయి, ఒళ్ళు పోయింది. వీపు నిండా అప్పులవాడి కొరడా వాతలు. ఈ కథ లివీ దాదాపు నాలుగున్నర శతాబ్దాల తర్వాత రాశాడు, కాబట్టి అన్ని వివరాలూ యథాతథంగా నమ్మనక్కర్లేదు. కానీ మన వెట్టి చూసినవాళ్ళకి ఆ వీపు కొత్తది కాదు.

అప్పుడు ప్లెబియన్లు చేసిన పని ఏమిటంటే, కత్తి దూయలేదు. ఊరు వదిలి నడిచి, మూడు మైళ్ళ అవతల ఈ దిబ్బ మీద కూర్చున్నారు. మీ ఊరు మీరే కాపాడుకోండి అన్నారు.

పెద్దలు భయపడి మెనేనియుస్ అగ్రిప్పా అనే మాటకారిని పంపారు. అతను ఒక కథ చెప్పాడు. ఒంట్లో అవయవాలన్నీ పొట్ట మీద తిరగబడ్డాయట. మేం కష్టపడితే ఇది కూర్చుని తింటోందని చేతులు ముద్ద ఎత్తలేదు, నోరు తెరవలేదు, పళ్ళు నమల్లేదు. చివరికి ఒళ్ళంతా నీరసించింది, పొట్ట కూడా అందరికీ బలం పంచుతోందని అప్పుడు తెలిసొచ్చింది. కాబట్టి వెనక్కి రండి నాయనలారా.

వింటుంటే మీకూ ఒకటి గుర్తొచ్చి ఉంటుంది. ఋగ్వేదం పదో మండలంలో పురుష సూక్తం. నోరు ఒకరు, చేతులు ఒకరు, తొడలు ఒకరు, పాదాల నుంచి ఒకరు. అక్కడా ఒళ్ళే, ఇక్కడా ఒళ్ళే. లోకంలో పైవాళ్ళకి ఉపమానాల కొరత ఉన్నట్టుంది. తేడా చూడండి. రోమ్ పెద్దలు కనీసం తాము పొట్ట అని ఒప్పుకున్నారు. మనవాళ్ళు తినేది పొట్టతోనే అయినా పేరు మాత్రం నోరు అని పెట్టుకున్నారు. పైగా ఆ ఒంట్లో మనకి కాలిగోరంత చోటు కూడా లేదు. మనం ఒంటి బయట.

అంతకన్నా పెద్ద తేడా ఇంకోటి. రోమ్‌లో ఆ కథని కొండ దాకా నడిచొచ్చి బతిమాలుతూ చెప్పాల్సొచ్చింది. కథ వినేసి జనం ఉత్త చేతులతో దిగి రాలేదు. ట్రిబ్యూన్లు కావాలన్నారు. తమలోంచే ఎన్నుకున్న మనుషులు, పెద్దల ఇళ్ళలో పుట్టినవాడు ఆ పదవికి పనికిరాడు, వాళ్ళ మీద చేయి వేసినవాడి ప్రాణానికి పూచీ లేదు. ఆ షరతు మీదే దిగారు.

ఆ దిబ్బ కింద వీధి కుళాయి దగ్గర నీళ్ళు తాగాం. రోమ్ నిండా ఉంటాయి ఈ కుళాయిలు, 1874 నుంచి. ముక్కులా వంగి ఉంటాయి కాబట్టి పెద్దముక్కు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. రాత్రీ పగలూ నీళ్ళు పారుతూనే ఉంటాయి, ఎవరైనా తాగొచ్చు. నీళ్ళు తాగుతుంటే నాకు కారంచేడు గుర్తొచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? అక్కడ గొడవ మొదలైంది మాదిగపల్లె వాళ్ళు తాగే చెరువు నీళ్ళు పాడు చేయొద్దన్న మాట దగ్గర. ఆ మాటన్నందుకు బిందె ఎత్తి ఎదురు నిలబడింది ఒక ఆడపడుచు. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురిని చంపారు.

మిగిలినవాళ్ళు ఊరు వదిలి చీరాల నడిచారు. శిబిరం పెట్టారు. అప్పుడు నాకు పదేళ్ళు. మా అమ్మ, పల్లెలో ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి దోసెడు దోసెడు బియ్యం పోగుచేసి మూటలు నెత్తిన పెట్టుకుని చీరాల వెళ్ళారు. వెనక్కి వెళ్ళండి, రక్షణ ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. వెళ్ళమన్నారు. పోయిన ప్రాణాలకి ఖరీదు కట్టుకుని అదే ఊళ్ళో అదే దొడ్లో పనికి పోం అన్నారు. చీరాలలోనే కాలనీ సాధించుకున్నారు. బొజ్జా తారకం, కత్తి పద్మారావు ముందుండగా దళిత మహాసభ పుట్టింది అక్కడే. 1989 అట్రాసిటీ చట్టం వెనక కారంచేడు రక్తం ఉంది.

మన ఊళ్ళల్లో వెలి అంటే వాళ్ళు మనల్ని వేసేది. 1991లో చుండూరులో ఆగస్టు 6కి ముందు చేసింది అదే. పని లేదు, సరుకు లేదు. రోమ్ ప్లెబియన్లు పెద్దల్నే వెలేశారు. కారంచేడు వాళ్ళు కూడా ఊరినే వెలేశారు. ఆ మాట మనం ఇలా చెప్పుకోవడం అలవాటు చేసుకోవాలని నాకనిపిస్తుంది. "ఊరు వదిలి పారిపోయారు" అని పేపర్లు రాశాయి. మూడు మైళ్ళు నడిచినవాళ్ళని లివీ పారిపోయారని రాయలేదు.

తమ్ముడు అడిగాడు, "మరి తర్వాత ఏమైంది అక్కా, సమానత్వం వచ్చేసిందా?"

రాలేదు నాన్నా. క్రీ.పూ. 367లో ఇద్దరు కాన్సుల్స్‌లో ఒకరు ప్లెబియన్ అయ్యే చట్టం వచ్చింది. దాని గురించి అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో రాశాడు. 1936లో లాహోర్‌లో చేయాల్సి ఉండి చేయనివ్వని ప్రసంగం అది. ప్లెబియన్లు తమ మనిషిని గెలిపించుకున్నా, దేవత ఒప్పుకుంటేనే పదవి. దేవత మాట చెప్పే పూజారి పెద్దల మనిషి. కాబట్టి గట్టిగా నిలబడే ప్లెబియన్‌ని దేవత ఎన్నడూ ఒప్పుకోదు. జనం కూడా దేవతకి ఎదురు చెప్పలేక మెత్తటి మనిషితో సరిపెట్టుకున్నారు. నాలుగేళ్ళ ముందు 1932లో పూనా ఒప్పందం మింగిన మనిషి రాసిన మాటలివి. మన రిజర్వుడు సీట్లలో టికెట్ ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో చూస్తే మన దేవత ఎవరో తెలుస్తుంది. పైగా గెలిచిన ప్లెబియన్ కుటుంబాలు కొన్నాళ్ళకి పెద్దలతో కలిసి కొత్త పెద్దలయ్యాయి. కొండ మీదికి నడిచినప్పుడు బానిసలు ఆ గుంపులో లేరు, దిగినప్పుడు దొరికిన వాటాలోనూ లేరు. ఇవన్నీ మన ఉద్యమాల్లో మనం ఎరగనివి కావు.

కానీ ఒక చట్టం గురించి అక్కడే అతనికి చెప్పాను. క్రీ.పూ. 450 ప్రాంతంలో రోమ్ పన్నెండు పలకల మీద చట్టాలు రాసుకుంది. అందులో ఒకటి, పెట్రిషియన్‌కీ ప్లెబియన్‌కీ పెళ్ళి చెల్లదు. ఐదేళ్ళకే, 445లో, కానులేయుస్ అనే ట్రిబ్యూన్ లేచి దాన్ని రద్దు చేయమన్నాడు. పెద్దలు గోల పెట్టారు. రక్తం కలుషితమవుతుందన్నారు, దేవుళ్ళ శకునాలు చెడిపోతాయన్నారు, పుట్టే బిడ్డ ఏ రక్తమో తెలియదన్నారు. మిర్యాలగూడలో అయితే ఈ మాటలకి అనువాదం అక్కర్లేదు. అయినా చట్టం పోయింది. ఐదేళ్ళు బతికింది, అంతే. మనకి కులాంతర పెళ్ళిని చెల్లనివ్వని చట్టం లేదు. ప్రణయ్‌ని 2018లో చట్టం చంపలేదు.

తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వంతెన మీద నిలబడి ఏట్లోకి చూస్తున్నాడు. తర్వాత ఫోన్ తీసి ఒక అమ్మాయి ఫోటో చూపించాడు. బీటెక్‌లో కలిసి చదివారట. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఆ పిల్ల ఇంటిపేరు చెప్పాడు. మా జిల్లా వాళ్ళకి ఆ ఇంటిపేరు చెబితే మిగతాది చెప్పనక్కర్లేదు.

"నాలుగేళ్ళయింది అక్కా. ఇక్కడే ఉద్యోగం చూసుకుని తనని రప్పించేద్దామనుకుంటున్నా. ఇండియాకి ఇద్దరం కలిసి వెళ్ళకుండా ఉంటే సరిపోతుంది కదా?"

"ఎన్నాళ్ళు?"

"అమ్మ ఉన్నన్నాళ్ళూ వెళ్ళాలి. అదే ఆలోచిస్తున్నా."

"ఆ అమ్మాయి ఏమంటోంది?"

"తను ధైర్యంగానే ఉంది. తనకి తమ్ముడున్నాడు, వాడే..." అని ఆపేశాడు.

నేను పాతికేళ్ళుగా ఇలాంటి పెళ్ళిళ్ళు చేయించాను. స్టేషన్లో కూర్చున్నాను, రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర కాపలా ఉన్నాను. ఒక పెళ్ళి తర్వాత ఆసుపత్రి మార్చురీ బయట కూడా కూర్చున్నాను. అతనికి ధైర్యం చెప్పే మాటలు నా దగ్గర చాలానే ఉన్నాయి. ఆ వంతెన మీద ఒక్కటీ నోటికి రాలేదు. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద నోటీసు ఎప్పుడివ్వాలి, నోటీసు అతికించిన రోజు నుంచి ఎవరెవరు అప్రమత్తంగా ఉండాలి, అమ్మాయి తన సర్టిఫికెట్లన్నీ ముందే దగ్గర పెట్టుకుందా లేదా, అవే అడిగాను. అన్నీ ఫోన్లో రాసుకున్నాడు.

"మా అమ్మతో నువ్వు మాట్లాడతావా అక్కా?"

"మీ అమ్మతో మాట్లాడతాను. వాళ్ళ నాన్నతో ఎవరు మాట్లాడతారు?"

బస్సు వచ్చింది. ఎక్కాం.

(వచ్చే ఆదివారం: రోమ్‌లో యూదుల వాడ, 1555లో కట్టిన గోడ)